స్లెడ్ కుక్కల లైన్ బిగింపులు: బెంగళూరు వర్క్‌షాప్‌లో మైనస్ 40 దాకా చేసిన పరీక్షల కేస్ స్టడీ

పెంపుడు జంతువుల సామగ్రిని బెంగళూరు పీణ్య నుంచి ఎగుమతి చేసే ఒక సంస్థను కెనడా కొనుగోలుదారు అడిగిన ప్రశ్నతో ఈ కేసు మొదలైంది: మీ బోల్ట్ స్నాప్‌లను స్లెడ్ కుక్కల జట్లకు వాడొచ్చా? స్లెడ్ అంటే మంచు మీద కుక్కలు లాగే బండి. బోల్ట్ స్నాప్ అంటే గుబ్బను వెనక్కి లాగితే స్ప్రింగు బోల్టు జరిగి తెరుచుకునే కొక్కెం. సంస్థ చేతిలో ఉన్నది కేటలాగ్‌లో అచ్చువేసిన తెగే బలం ఒక్కటే. గది వేడిలో, ఉక్కు కొక్కేలకు తగిలించి, నెమ్మదిగా లాగి తెచ్చిన అంకె అది. స్లెడ్ జట్టులో స్నాప్ ముక్కలయ్యే సందర్భాలు తక్కువే. తెరుచుకోవాల్సిన చోట మంచు పట్టి మొండికేయడం, మూసుకుని ఉండాల్సిన చోట లైను వదులైనప్పుడు ఊడిపోవడం, అసలు తలనొప్పులు ఈ రెండూ. ఈ రెంటి గురించీ కేటలాగ్ అంకె ఏమీ చెప్పదు. అందుకే పరీక్షలు ఒప్పుకున్న మా వర్క్‌షాప్‌లో తెగే బలాన్ని చివరికి నెట్టి, తెరుచుకునే తీరును ముందు పెట్టి పరీక్షల వరస రాసుకున్నాం.

పనిలో ఉన్నవాళ్లంతా అనంతపురం, చిత్తూరు వైపు నుంచి బెంగళూరు వచ్చినవాళ్లే కావడంతో రికార్డు పుస్తకం తెలుగులోనే నడిచింది. ఫలితం గడిలో నాలుగు మాటలకే చోటు: ఊడింది, ఇరుక్కుంది, విరిగింది, తెగింది. వట్టి 'ఫెయిల్' అని రాస్తే వారం తిరిగేసరికి ఏమైందో ఎవరికీ గుర్తుండదు.

ఏ బిగింపు ఏ పని చేస్తుంది

స్లెడ్ ముందు కట్టే బ్రైడిల్ తాడు నుంచి జట్టు పొడుగునా నడిచే నడిమి లైను గ్యాంగ్‌లైన్. దానికి అటూ ఇటూ కుక్కలు జంటలుగా ఉంటాయి. అందరికన్నా ముందు లీడర్లు, వాటి వెనక స్వింగ్ కుక్కలు, తర్వాత టీమ్ కుక్కలు, స్లెడ్‌కు దగ్గరగా వీల్ కుక్కలు. కుక్క ఒంటికి తొడిగే పట్టీల హార్నెస్ వెనక కొసన, తోక మొదలు దగ్గర ఉండే ఉచ్చుకు టగ్‌లైన్ తగులుతుంది. లాగుడంతా దీని మీదే. మెడపట్టీకి నెక్‌లైన్ తగులుతుంది. కుక్క వరస తప్పి పక్కకు పోకుండా పట్టి ఉంచడమే దాని పని. లీడర్ల జతకు మాత్రం నెక్‌లైన్ గ్యాంగ్‌లైన్‌కు పోదు, రెండు కొసలా స్నాప్ ఉన్న పొట్టి లైను ఆ రెండింటి మెడపట్టీలనూ కలుపుతుంది.

ఎద్దుల బండి చూసి పెరిగిన కళ్లు ఇక్కడ తికమకపడతాయి. కాడి మెడమీదే కదా, గట్టి బిగింపు మెడ దగ్గరే ఉండాలనిపిస్తుంది. స్లెడ్ కుక్క విషయంలో ఇది తిరగబడుతుంది. టగ్ బిగింపు ఎట్టి పరిస్థితుల్లోనూ ఊడకూడదు. నెక్ బిగింపు మాత్రం, కుక్క పడిపోయి జట్టు దాన్ని ఈడ్చుకుపోయే స్థితి వస్తే, మెడకు హాని జరిగేలోపే తెగిపోవాలి. ఒకే స్నాప్‌ను రెండు చోట్లకూ అమ్ముదామనుకున్న సంస్థ ఆలోచన ఈ దశలోనే ఆగిపోయింది.

అలాస్కాలో 1973లో మొదలైన ఇడిటరాడ్ పందెంలో 2019లో జట్టు హద్దును 14 కుక్కలకు తగ్గించారు. అంత జట్టుకు టగ్ స్నాప్‌లు 14, నెక్ స్నాప్‌లు మరో 14. ఆ దారిలో మైనస్ 40 కూడా కొత్త కాదు. విశ్రాంతికి ఆగినప్పుడు టగ్‌లు విప్పాలి, బయల్దేరేముందు మళ్లీ తగిలించాలి, అదీ మందపాటి గ్లవ్స్ వేసుకుని. ఒక్కో స్నాప్ పది సెకన్లు మొండికేసినా గ్లవ్స్ తీయాల్సి వచ్చి ఆ పది సెకన్లూ మనిషి చేతులు గాలికి బయటుంటాయి.

ఎంత బలానికి పరీక్షించాలి

అలాస్కన్ హస్కీలు సాధారణంగా 18 నుంచి 27 కిలోలు ఉంటాయి. లెక్కకు 22 కిలోలు తీసుకున్నాం. నిలకడగా పరుగెత్తే జట్టులో టగ్ మీద పడే బలం తక్కువే. సరుకుతో 200 కిలోల స్లెడ్‌కు మంచుతో ఘర్షణ గుణకం 0.05 అనుకుంటే మొత్తం లాగుడు 98 న్యూటన్లు. 14 కుక్కలు పంచుకుంటే ఒక్కోదానికి 7 న్యూటన్లు. కిలో బరువు కూడా కాదు. స్నాప్‌ను బాధపెట్టేది కుదుపు. స్లెడ్ చెట్టుకు తగిలి ఆగిపోయినా, లంగరులా స్లెడ్‌ను ఆపే స్నో హుక్ ఒక్కసారిగా గట్టి మంచులో దిగినా, సెకనుకు 4 మీటర్ల వేగంతో పోతున్న కుక్క టగ్ కొసన ఆగాలి. 22 కిలోలకు ఆ వేగంలో ఉండే శక్తి 176 జౌళ్లు.

దీన్ని ప్రయోగశాలలో తెప్పించడం తేలిక. 22 కిలోల ఇసుక సంచిని 82 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే లైను బిగుసుకునే క్షణానికి సరిగ్గా అదే వేగం వస్తుంది. ఇనుప దిమ్మె వాడలేదు. కుక్క ఒళ్లు ఇనుములా ఉండదు, ఇసుక కొంత నయం. అయినా నిజమైన కుక్కకన్నా ఇది కఠినమైన పరీక్షే, ఆ కాఠిన్యాన్ని తగ్గించే ప్రయత్నం చేయలేదు.

లైను సాగుడు ఎంతో తెలిస్తే గరిష్ఠ బలాన్ని ముందే అంచనా వేయవచ్చు. సాగుడు స్ప్రింగులా సమానంగా ఉంటుందనుకుంటే, 15 సెంటీమీటర్లు సాగి ఆపే లైనులో శిఖర బలం సుమారు 2.8 కిలోన్యూటన్లు. అదే సంచిని షాక్ కార్డ్‌తో (సాగే రబ్బరు తాడుతో) కలిపి 40 సెంటీమీటర్లలో ఆపితే 1.3. సాగని లైను 5 సెంటీమీటర్లలోనే ఆపేస్తే 7.5. అందుకే 'ఈ స్నాప్ ఎంత ఆపుతుంది' అన్న ప్రశ్నకు ఏ లైను కొసన అన్నది చేర్చకుండా జవాబివ్వడం కుదరదు. టగ్ బిగింపుకు పరీక్షా బలాన్ని 3 కిలోన్యూటన్లుగా పెట్టాం. షాక్ కార్డ్ లేకపోయినా మామూలు పాలిథిలిన్ టగ్‌కు ఇది సరిపోతుంది. సాగని డైనీమా (చాలా గట్టి కృత్రిమ పోగు) లైనుకు సరిపోదు, ఆ మాట రిపోర్టు మొదటి పేజీలోనే ఉంది.

నమూనాలు, తూకంతో మొదటి వడపోత

పోల్చినవి: నికెల్ పూత వేసిన జింక్ డైకాస్ట్ బోల్ట్ స్నాప్, పోత ఇత్తడి బోల్ట్ స్నాప్, బ్రాంజ్ బోల్ట్ స్నాప్, 316 స్టెయిన్‌లెస్ బోల్ట్ స్నాప్, తాడు ఉచ్చులో దూర్చే చిన్న అడ్డపుల్ల లాంటి టాగిల్, అంగళ్లలో తాళంచెవులకు అమ్మే చిన్న అల్యూమినియం కారాబినర్ (స్ప్రింగు గేటున్న కొక్కెం). ఆఖరిదాన్ని కొనుగోలుదారే అడిగాడు. చవకగా ఉందని దాన్ని లైన్లకు తగిలించేవాళ్లు ఉన్నారట.

పూత కింద ఏ లోహం ఉందో చూపుకు తెలియదు. ముందు గాలిలో తూచి, తర్వాత సన్నని దారంతో నీళ్లలో వేలాడదీసి తూచాలి. గాలిలోని తూకాన్ని నీళ్లలో తగ్గిన తూకంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఉదాహరణకు 60 గ్రాముల స్నాప్ నీళ్లలో 7.1 గ్రాములు తగ్గితే 8.45, అది ఇత్తడి. 47 గ్రాములది అంతే తగ్గితే 6.6, జింక్ మిశ్రమం. నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి, స్ప్రింగు గూట్లో ఇరుక్కున్న బుడగను తట్టి వదిలించకపోతే ఇత్తడి కూడా జింక్‌లా కనిపిస్తుంది. ఇత్తడికీ బ్రాంజ్‌కూ తేడా ఈ పద్ధతిలో తేలదు. పోతలోని సన్న రంధ్రాలే ఆ తేడాను మింగేస్తాయి. దానికి ఎక్స్‌రేతో లోహంలోని మూలకాలు చెప్పే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రానికి చూపించుకోవాల్సిందే. స్ప్రింగుకు అయస్కాంతం పెట్టి స్టెయిన్‌లెస్ కాదని తేల్చేయడమూ పొరపాటే. వేడి చేయకుండా లాగిన 302 రకం స్టెయిన్‌లెస్ తీగ కొంచెం అంటుకుంటుంది.

లాగే యంత్రం, కుదుపు రిగ్

నిలకడ లాగుడుకు 10 కిలోన్యూటన్ల యూటీఎం (లాగి బలం కొలిచే యంత్రం), నిమిషానికి 100 మి.మీ. వేగం. స్నాప్‌ను ఉక్కు పిన్నుకు తగిలించలేదు. ఒక కొసన హార్నెస్‌కు వాడే 25 మి.మీ. నైలాన్ పట్టీ ఉచ్చు, రెండో కొసన 6 మి.మీ. బోలు అల్లిక పాలిథిలిన్ తాడు స్ప్లైస్ (ముడి లేకుండా తాడు కొసను తాడులోకే దూర్చి చేసిన ఉచ్చు). గుండ్రటి ఉక్కు పిన్ను బలాన్ని కొక్కెం అడుగున సరిగ్గా మధ్యకు చేరుస్తుంది. పట్టీ అయితే వెడల్పుగా పడి కొక్కెం మూతిని పక్కకు తెరుస్తుంది. నిజంగా జరిగేది రెండోదే.

50 న్యూటన్లతో వదులు తీసి, 1, 2, 3 కిలోన్యూటన్ల దగ్గర ఒక్కో నిమిషం నిలిపి, ప్రతి మెట్టు తర్వాత బలం పూర్తిగా తీసేసి, బోల్టు తనంతట తాను చివరిదాకా మూసుకుంటుందో లేదో చూడాలి. మూసుకోకపోతే విరగకపోయినా అక్కడితో ఆ నమూనా పని అయిపోయినట్టే.

స్ప్లైస్‌లో తేడా ఉంటే పరీక్ష మొత్తం చెడుతుంది. బోలు అల్లిక తాడు కొసను ఫిడ్ అనే సూది లాంటి పనిముట్టుతో లోపలికి దూర్చితే లాగేకొద్దీ బయటి అల్లిక బిగుసుకుని దాన్ని పట్టేస్తుంది. 6 మి.మీ. పాలిథిలిన్‌కు 20 సెంటీమీటర్లు లోపల పాతి, తోకలో పోగులు అంచెలంచెలుగా కత్తిరించి సన్నం చేశాం. సన్నం చేయకపోతే తోక ముగిసే చోటే తాడు తెగుతుంది. బలం లేనప్పుడు స్ప్లైస్‌కు పట్టు ఉండదు కనుక అడ్డంగా రెండు మూడు కుట్లు తప్పనిసరి. డైనీమా నున్నగా జారే రకం. దానికి వ్యాసానికి 72 రెట్లు, అంటే 6 మి.మీ. తాడుకు 43 సెంటీమీటర్లు పాతాలి. స్ప్లైస్ బదులు ముడి వేసి పరీక్షిస్తే తాడు బలంలో మూడోవంతు నుంచి సగం దాకా ముడి దగ్గరే పోతుంది, స్నాప్ సంగతి తేలకముందే తాడు తెగుతుంది.

కుదుపు కొలవడంలో ఒక ఉచ్చు ఉంది. బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరికే, బలం కొలిచే ఎస్ ఆకారపు లోడ్‌సెల్, దాని రీడింగు తీసే హెచ్‌ఎక్స్711 బోర్డు కలిపితే చవకలో పని అయిపోయినట్టు కనిపిస్తుంది. ఆ బోర్డు మామూలుగా సెకనుకు 10 రీడింగుల మీద ఉంటుంది. రెండు రీడింగుల నడుమ 100 మిల్లీసెకన్లు. సాగని లైనులో కుదుపు మొత్తం 40 మిల్లీసెకన్లలో వచ్చిపోతుంది. తెరమీద మాత్రం అందమైన, తప్పుడు అంకె ఉంటుంది. సెకనుకు 80కి మార్చినా శిఖరం మీద పదోవంతుకు పైగా జారిపోవచ్చు. సెకనుకు వెయ్యికి తగ్గకుండా తీసే యాంప్లిఫయర్ లేనిచోట కుదుపు అంకెలు రాయకపోవడమే మంచిది.

వదులులో ఊడటం

బిగుతుగా ఉన్న లైనులో స్నాప్ ఊడదు. వదులైన క్షణంలో ఊడుతుంది. అందుకని గేర్డ్ మోటారుకు క్రాంక్ బిగించి సెకనుకు రెండుసార్లు లాగి వదిలే రిగ్ కట్టాం. ప్రతి చక్రంలో 250 న్యూటన్ల దాకా లాగి, తర్వాత లైను పూర్తిగా వేలాడాలి. 8 గంటలకు 57,600 చక్రాలు. వేలాడే చోట పక్కనే ఒక తాడు, ఒక పట్టీ అంచు తగిలేలా పెట్టడం ముఖ్యం. అవి లేకపోతే ఏ స్నాపూ ఊడదు, అన్నీ పాసవుతాయి.

బోల్ట్ స్నాప్‌లు ఊడిన తీరు ఒక్కటే. పక్క తాడు బోల్టు గుబ్బకు పట్టుకుని వెనక్కి లాగుతుంది, సరిగ్గా అప్పుడే ఉచ్చు కొక్కెం మూతి దగ్గర ఉంటే జారిపోతుంది. గుబ్బ పొడుగ్గా ఉంటే గ్లవ్స్‌తో తెరవడం సులువు, ఊడటమూ సులువు. ఈ రెంటి మధ్య రాజీ తప్పదు. గుబ్బ ఎత్తు తగ్గించి, వెడల్పు పెంచి, అంచు గుండ్రంగా చేయమన్నది మా సలహా. తగిలించేటప్పుడు గుబ్బ కుక్క ఒంటి వైపు కాకుండా బయటికి ఉండేలా చూసుకోమని వాడకం కాగితంలో చేర్పించాం. కారాబినర్ గేటుకు పట్టీ అంచు ఒరుసుకుంటే చాలు, లోపలికి నొక్కుకుపోతుంది. అది వరసలో మొదటే ఊడింది. దాని మీద 'ఎక్కడానికి వాడరాదు' అని ఉండనే ఉంది. గేటు, పొడవు అక్షం, అడ్డ అక్షం బలాలు విడివిడిగా అచ్చువేసే, కొండలెక్కేవాళ్లు వాడే ఈఎన్ 12275 ప్రమాణపు కారాబినర్లతో దీనికి పోలికే లేదు.

టాగిల్ కథ వేరు. లైను కొస ఉచ్చును హార్నెస్ ఉచ్చులోంచి తీసి, లైనుకే నడుముకు కట్టిన టాగిల్‌ను నిలువుగా తిప్పి ఆ ఉచ్చులో దూరుస్తారు. స్ప్రింగు లేదు, లోహం లేదు. ఉచ్చును చదునుగా పరిచినప్పుడు దాని పొడవు టాగిల్ పొడవుకు లోపే ఉండాలి. 50 మి.మీ. టాగిల్‌కు 40 మి.మీ. ఉచ్చు నిలబడింది. ఉచ్చు సాగి టాగిల్ పొడవు దాటితే వదులులో అడ్డంగానే జారిపోతుంది. కొత్త పాలిథిలిన్ ఉచ్చు మొదటి కుదుపులకే కొంత సాగుతుంది కనుక, ముందు 1 కిలోన్యూటన్‌కు లాగి వదిలి, ఆ తర్వాతే కొలవాలి.

చలి

ఎక్కువ సమయం, ఎక్కువ సామగ్రి దీనికే పోయాయి. చెస్ట్ ఫ్రీజర్ మైనస్ 20 దాకా ఇస్తుంది. అంతకు కిందికి పోవడానికి థర్మాకోల్ పెట్టెలో డ్రై ఐస్. డ్రై ఐస్ తాకే చోట మైనస్ 78.5 ఉంటుంది కనుక నమూనాను నేరుగా దానిమీద పెట్టకూడదు. పైన జాలీ పెట్టి, చిన్న ఫ్యాన్‌తో గాలి తిప్పుతూ, ముక్కలు వేస్తూ తీస్తూ మైనస్ 30, మైనస్ 40 దగ్గర నిలపాలి. టీ రకం థర్మోకపుల్ కొస స్నాప్ ఒంటికే అంటి ఉండాలి, పెట్టెలో గాలి ఎంతుందో చెబితే చాలదు. కిలో డ్రై ఐస్ కరిగితే 500 లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. షట్టర్ ఎత్తి ఉంచాలి, పెట్టె మూత గాలాడనంత గట్టిగా బిగించకూడదు.

చల్లబరచిన స్నాప్‌ను బయటికి తీసి యూటీఎంకు తగిలించే పద్ధతి బెంగళూరులో పనికిరాదు. గది గాలిలో అది నిమిషానికి అయిదు నుంచి పది డిగ్రీలు వేడెక్కుతుంది, ఉక్కు కొక్కేనికి తగిలిందంటే ఇంకా త్వరగా. మైనస్ 30 అని రాసుకున్న ఫలితం నిజానికి మైనస్ 10ది కావచ్చు. పెట్టెకు పైనా కిందా తాడు పట్టే రంధ్రాలు చేసి, పెట్టెనే యంత్రం మధ్య నిలబెట్టి, స్నాప్ లోపల ఉండగానే లాగాలి.

మన గాలి తేమ ఒక రకంగా ఉపయోగపడింది కూడా. చల్లటి స్నాప్‌ను అర నిమిషం బయట ఉంచితే చెమ్మ పట్టి, తిరిగి లోపల పెడితే అదే సన్నని మంచు పొరవుతుంది. కుక్క ఊపిరి వల్ల లైన్ల మీద పేరుకునే పొర దాదాపు ఇలాంటిదే. రెండో రకం మంచు చేతి వేడికి కరిగి మళ్లీ గడ్డకట్టే తడి మంచు. దానికి ఐస్ గోలా యంత్రం తెప్పించాం. గీకిన మంచుపొడిని కొక్కెంలో, బోల్టు గాడిలో వేలితో కూరి, నిమిషం ఆగి, పెట్టెలో పెట్టాలి. ఫ్రీజర్ గడ్డను సుత్తితో కొట్టి వేస్తే రవ్వలు పెద్దవై గాడిలో దూరవు, పరీక్ష తేలికైపోతుంది.

తెరిచే బలాన్ని 100 న్యూటన్ల పుష్‌పుల్ గేజ్‌తో కొలిచాం. గుబ్బకు చిన్న కొక్కెం తగిలించి వెనక్కి లాగడమే. గ్లవ్ వేసుకున్న బొటనవేలికి 40 న్యూటన్లు మేం పెట్టుకున్న హద్దు.

అందరూ మంచునే అనుమానిస్తారు కానీ పొడిగా ఉన్న స్నాప్‌లలో కొన్ని కూడా ఇరుక్కున్నాయి. ఫ్యాక్టరీలో పాలిష్ తర్వాత పూసిన నూనె, పాలిష్ మైనం మైనస్ 30లో గట్టిపడి స్ప్రింగు గూట్లో బంకలా పట్టుకున్నాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి, కదిపి, ఆరబెట్టాక అవే స్నాప్‌లు మామూలుగా తెరుచుకున్నాయి. కందెన పూసి పంపడమే మర్యాద అనుకునే సరఫరాదారుకు ఇది ఒప్పించడం కొంచెం కష్టమే. ఏదైనా పూయక తప్పదంటే పొడి గ్రాఫైట్.

తడి మంచులో బోల్ట్ స్నాప్‌లన్నీ ఏదో ఒక దశలో ఇరుక్కున్నాయి, లోహంతో సంబంధం లేకుండా. తేడా తెచ్చింది గూటి ఆకారం. ఒక కొస మూసి ఉన్న గూట్లో నీళ్లు నిలిచి, స్ప్రింగు చుట్టల మధ్య గడ్డకట్టి, బోల్టు వెనక్కి పోవడానికి చోటే లేకుండా చేశాయి. అడుగున 3 మి.మీ. రంధ్రం వేసిన నమూనాలో నీరు కారిపోయి, మిగిలిన పొర బల్లకు ఒకసారి తాటిస్తే రాలింది. టాగిల్ మీద మంచు పట్టినా దాన్ని నలిపి తెరవవచ్చు. కాకపోతే ఉచ్చు నైలాన్‌దైతే నీళ్లు పీల్చి కర్రలా బిగుస్తుంది. పాలిథిలిన్ నీళ్లు పీల్చదు. టాగిల్ నచ్చలేదనేవాళ్లలో చాలామంది దాన్ని నైలాన్ ఉచ్చుతో వాడినవాళ్లే అయుంటారని మా అనుమానం.

జింక్ విషయం తొందరగా తేలింది. గది వేడిలో నిలకడ లాగుడుకు పాసయింది. మైనస్ 30లో ఇసుక సంచి కుదుపుకు కొక్కెం మెడ దగ్గర వంగకుండానే విరిగింది, విరిగిన ముఖం రవ్వరవ్వగా ఉంది. సున్నాకు దిగువన ఆ మిశ్రమం దెబ్బను ఓర్చుకునే గుణం బాగా పడిపోతుంది. రాగి మిశ్రమాలకు, 316 స్టెయిన్‌లెస్‌కు ఈ జబ్బు లేదు. నెమ్మదిగా లాగితే జింక్‌లోని ఈ లోపం సరిగా బయటపడదు. చలి, కుదుపు ఒకేసారి ఉండాలి.

కుక్క మూత్రం, ఇత్తడి

ఉప్పు పొగ పరీక్షకు కొనుగోలుదారు పట్టుబట్టాడు, చేశాం, రాయడానికి పెద్దగా ఏమీ లేదు. మామూలు ఉక్కు స్ప్రింగులు తుప్పుపట్టాయి. అసలు చూడాల్సింది అమ్మోనియా. ఆగిన ప్రతిచోటా లైన్ల మీద మూత్రం పడుతుంది, అది కుళ్లితే అమ్మోనియా. బ్రిటిష్ సైన్యం రోజుల్లో మన దేశంలోనే, వానాకాలం గుర్రపు శాలల్లో దాచిన ఇత్తడి తూటా తొడుగులు వాటంతటవే చీలిపోయేవి. కారణం అమ్మోనియా అని 1921లో తేల్చారు. జింక్ శాతం ఎక్కువున్న ఇత్తడిలో, లోపల బిగువు మిగిలిన చోట, ఈ చీలిక వస్తుంది.

పోత ఒంటిలో ఆ బిగువు తక్కువ. స్వివెల్ (స్నాప్ గుండ్రంగా తిరిగేలా పట్టే కీలు) కాడను వేడి చేయకుండా కొట్టి తల విప్పార్చిన చోట ఎక్కువ. అమ్మోనియా పరీక్ష ప్రమాణం ఐఎస్ఓ 6957 తరహాలో అమ్మోనియా ఆవిరిలో 24 గంటలు ఉంచి, కడిగి, పది రెట్లు పెద్దది చేసి చూస్తే ఇత్తడి స్నాప్‌ల ఒంటి మీద ఏమీ లేదు, స్వివెల్ తల చుట్టూ మాత్రం వెంట్రుక సన్నని చీలికలు. బ్రాంజ్ కాడల్లో కనబడలేదు. స్వివెల్ తల ఊడితే స్నాప్ హార్నెస్‌కు వేలాడుతూనే ఉంటుంది, కుక్క మాత్రం లైనుకు ఉండదు.

తెగవలసిన నెక్‌లైన్

ఇక్కడ లెక్క తలకిందులు. కుక్క బరువుకు రెట్టింపు దగ్గర, 22 కిలోల కుక్కకు 430 న్యూటన్ల చుట్టుపక్కల తెగాలని నిర్ణయించుకున్నాం. కింది హద్దు 250. అంతకన్నా బలహీనమైతే పక్క కుక్కతో మామూలు తోపులాటకే తెగి కుక్క వరస తప్పుతుంది. స్నాప్‌కూ లైనుకూ మధ్య సన్నని తాడు ఉచ్చు ఒకటి పెట్టి, తెగే పని దానికి అప్పజెప్పాం.

చలి లోహాన్ని పెళుసు చేస్తే, పాలిథిలిన్ దారాన్ని బలపరుస్తుంది. గదిలో 430 దగ్గర తెగిన ఉచ్చు మైనస్ 30లో అంతకన్నా ఎక్కువ ఆపుతుంది, అంటే కుక్కకు ప్రమాదం వైపు జరుగుతుంది. అందుకని ఉచ్చు కొలతను చలిపెట్టెలో తెగిన అంకెను బట్టి నిర్ణయించాలి. ముడి మనిషికో తీరుగా పడి ఫలితాలు చెదిరిపోవడంతో, ముడి తీసేసి మేకు చట్రం మీద ఒకే రకంగా కుట్టిన ఉచ్చులకు మారాం. చెదురు బాగా తగ్గింది.

స్లెడ్‌ను చెట్టుకు కట్టే స్నబ్ లైను విడుపు మరో సంగతి. జట్టంతా ఉరుకుతుండగా దాన్ని విప్పాలి. 14 కుక్కలు తమ బరువంత లాగితే దగ్గరదగ్గర 3 కిలోన్యూటన్లు. ఆ బలం మీద ఉండగా బోల్ట్ స్నాప్ తెరవడం చేతకాదు, వేరే పరీక్ష అక్కర్లేదు. తొడుగు జారే ప్యానిక్ స్నాప్ తెరుచుకుంది, తొడుగు లోపల మంచు లేనంతవరకు. దానికీ నీరు కారే రంధ్రం అడిగాం.

అపార్ట్‌మెంట్లలో హస్కీలు పెంచేవాళ్లు బెంగళూరులో తక్కువేం లేరు. వాటితో లాగించి చూద్దామన్న ప్రస్తావన సంస్థ వైపు నుంచి వచ్చింది. ఈ ఎండలో ఆ కుక్కను పరుగెత్తించడం దానికి హింస, పైగా మనకు కావాల్సిన చలి, కుదుపు రెండూ అందులో లేవు. వద్దన్నాం.

సంస్థ మార్చినవి

జింక్ స్నాప్‌ను స్లెడ్ కేటలాగ్ నుంచి తీసేశారు, నడకకు వాడే పట్టీలకు అది చాలు. టగ్‌కు బ్రాంజ్ ఒళ్లు, బ్రాంజ్ స్వివెల్ కాడ, స్టెయిన్‌లెస్ స్ప్రింగు, అడుగున రంధ్రం, నూనె లేకుండా ప్యాకింగ్. పాలిథిలిన్ ఉచ్చుతో టాగిల్‌ను రెండో ఎంపికగా చేర్చారు. ధరలో అదే చవక, మా చేతుల్లో బాగా నిలిచిందీ అదే. అయినా మెరిసే లోహం లేని వస్తువును కేటలాగ్ మొదటి పేజీలో పెట్టడానికి సంస్థ ఒప్పుకోలేదు. పెట్టె మీద తెగే బలం పక్కనే, మైనస్ 30లో తెరిచే బలం కూడా అచ్చువేస్తున్నారు.

సరుకు దిగినప్పుడల్లా నమూనా తనిఖీల ప్రమాణం ఐఎస్ఓ 2859-1 ప్రకారం నమూనాలు తీసి, నీళ్లలో తూకం, గూటి రంధ్రం, బోల్టు మూసుకునే తీరు చూస్తారు. వాటిలో కొన్ని చలిపెట్టెకు పోతాయి. నెక్‌లైన్ ఉచ్చులను మాత్రం ఈ పద్ధతికి వదల్లేదు. ప్రతి తాడు చుట్ట మొదటి నుంచీ చివరి నుంచీ కుట్టిన ఉచ్చులు మైనస్ 30లో తెంపి చూశాకే ఆ చుట్ట కుట్టుకు పోతుంది. రంగు మారినా, తాడు తయారీదారు మారినా ఉచ్చు కొలత మళ్లీ మొదటి నుంచి తేల్చాలి.